మాల తీసే చెయ్యి

పెరంబూరులో ఆ వీధి వాళ్లకు మునెమ్మ ముక్కు సంగతి బాగా తెలుసు. కొడుకు శ్రీకుమార్ పని దిగి వీధి మలుపు తిరుగుతున్నాడనగానే ఆమె చీపురు పట్టుకుని గడప దగ్గర తయారయ్యేది. ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చేది. వాడు చెప్పులు విడవడానికి వంగినప్పుడు ఒక్కసారి గాలి పీల్చేది, అంతే. తాగాడా లేదా, తాగితే ఎంత తాగాడు, వాసన తెలియకుండా సోంపు నమిలాడా జామాకు నమిలాడా, అన్నీ ఆ ఒక్క పీల్పులో తేలిపోయేవి. లోపల కోడలు భువనేశ్వరి అత్త మొహం చూసి, ఆ పూట కంచం పెట్టాలో దాచాలో తెలుసుకునేది.

అంతటి ముక్కుకు ఆ కార్తీకంలో పని లేకుండా పోయింది. శ్రీకుమార్ అయ్యప్ప మాల వేసుకున్నాడు.

మదరాసుకు చెన్నై అని పేరు పెట్టిన ఏడాది అది. పేరు మారిస్తే ఊరు మారుతుందో లేదో గానీ, మాల వేస్తే మనిషి మారతాడని రైలుపెట్టెల ఫ్యాక్టరీ క్వార్టర్సులో అందరికీ గట్టి నమ్మకం. ఎవరికీ లొంగని తాగుబోతులు మెళ్లో తులసి పూసలు పడగానే పిల్లుల్లా అయిపోవడం వాళ్లు కళ్లారా చూశారు. మాల తీసిన మర్నాడే కొందరు బ్రాందీ షాపు ముందు కనబడ్డారనుకోండి, ఆ మాట మాత్రం ఎవరూ పైకి అనరు.

గురుసామి ధర్మలింగం, శ్రీకుమార్ పనిచేసే ఆ ఫ్యాక్టరీలోనే ఫిట్టరు. ఒకప్పుడు ఆయనా తాగి కాలవగట్ల మీద దొర్లినవాడే. ఇప్పుడు ఏటా ఒక జట్టును కొండకు తీసుకుపోతాడు. మాల వేసేనాడు శ్రీకుమార్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుని కట్టుబాట్లు చెప్పాడు. తెల్లారకముందే చన్నీళ్ల స్నానం, నల్ల పంచె, కాళ్లకు చెప్పుల్లేవు, మాంసం లేదు, మత్తు పదార్థం ఏదీ పెదవికి తగలకూడదు. తర్వాత మునెమ్మ వైపు తిరిగాడు.

"తల్లీ, ఈ పొద్దు నుంచీ వీడు నీ కొడుకు కాదు, సామి. పేరు పెట్టి పిలవొద్దు. మెళ్లో మాల ఉండేవాళ్లు ఎవురైనా సామే. కొండ దిగి వచ్చినాక నీ చేత్తో నువ్వే మాల తియ్యాల. అందాకా వేరే ఎవురూ దాన్ని ముట్టకూడదు."

"సరి సామీ" అంది మునెమ్మ. అన్నిటికీ తలూపింది గానీ, మత్తు పదార్థం ఏదీ అన్న మాట దగ్గర ఆమె మనసు ఆగిపోయింది. ఎందుకంటే ఇంట్లో శ్రీకుమార్ మాత్రలు ఉన్నాయి.

ఆ మాత్రల వెనక పెద్ద కథే ఉంది. శ్రీకుమార్‌కు తాగుడు ఒక్కటే అయితే నలుగురితో చెప్పుకుని ఏడ్చేవాళ్లు. వాడికి మనసు కూడా నిలకడగా ఉండేది కాదు. కొన్ని నెలలు చాప మీంచి లేచేవాడు కాదు, గోడ వైపు తిరిగి పడుకుని బతకడం ఎందుకనేవాడు. కొన్ని వారాలు అసలు పడుకునేవాడే కాదు. ఫ్యాక్టరీకి తానే యజమాని అన్నట్టు మాట్లాడేవాడు, దారిన పోయేవాళ్లను ఆపి ప్రమోషన్లు ఇచ్చేవాడు. పడుకున్నప్పుడు లేవడానికి తాగేవాడు, లేచినప్పుడు ఆగడానికి తాగేవాడు. చెట్టు ముందా విత్తు ముందా అని తేల్చి చెప్పినవాళ్లు లేరు.

తాగుడు మాన్పించే చోటికి తీసుకుపోతే, మనసు జబ్బు ఉందమ్మా, అది నయం చేయించుకుని రండి, అప్పుడు చేర్చుకుంటాం అన్నారు. మనసు జబ్బు చూసేచోట, తాగేవాడికి మా మందు పనిచెయ్యదు, ముందు తాగుడు మాన్పించండి అన్నారు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్న సామెత మునెమ్మ చిన్నప్పటి నుంచీ నవ్వుకుంటూ వింటున్నదే. అది తన ఇంటికే వచ్చి కూర్చుంటుందని అనుకోలేదు. ఆ రెండు చోట్లకూ మధ్య బస్సుల్లో తిరిగి తిరిగి అత్తాకోడళ్ల కాళ్లరిగిపోయాయి. చివరకు ఒక పెద్ద డాక్టరు జాలిపడి మాత్రలు రాసిచ్చి, ఏం జరిగినా వీటిని నిలపొద్దు అన్నాడు. అక్కడి నర్సు ఒకామె భువనేశ్వరిని పక్కకు పిలిచి, చింతాద్రిపేటలో కూవం ఒడ్డున ఒక డాక్టరమ్మ చిన్న ఆసుపత్రి పెట్టుకుందనీ, తాగుడూ మనసూ రెండూ ఒక్కచోటే చూస్తుందనీ చెప్పింది. భువనేశ్వరి ఆ మాట ఇంటికొచ్చి చెబితే మునెమ్మ చెయ్యి విదిలించింది.

"ఇంకొక వాకిలి తొక్కే ఓపిక నాకు లేదు. అయ్యప్ప ఉండాడు."

ఆ మాత్రలు మింగితే శ్రీకుమార్‌కు కళ్లు మూతలు పడేవి. మాట ముద్దగా వచ్చేది. గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికేది. అన్నీ తాగినప్పటి గుర్తులే, వాసన ఒక్కటే తక్కువ. ఇన్నేళ్లు తాగుబోతును సాకిన తల్లికి అది మత్తు కాక మరేమిటనిపిస్తుంది? గురుసామిని ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడిగితే మనసు జబ్బు సంగతి బయటపడుతుందనీ, పిచ్చివాడికి మాల వెయ్యనంటాడనీ భయపడింది. అడగలేదు. తనే తీర్పు చెప్పేసింది.

"సామీ, ఆ మాత్రలు ఇంక వద్దు. అవీ మత్తే గదా" అంది కొడుకుతో.

"అవునమ్మా, నాకూ అట్నే అనిపించినాది" అన్నాడు శ్రీకుమార్ సంతోషంగా. ఆ మాత్రలంటే వాడికీ గిట్టదు.

"అత్తా, నిలపొద్దని డాక్టరు అంత గట్టిగా చెప్పినారు గదా" అంది భువనేశ్వరి.

"నిష్ఠ పట్టిన ఇంట్లో అపశకునం మాటలొద్దు. నువ్వు పో, పొయ్యి మీద పప్పు చూడు."

మాత్రలు వీధి కాలవలో కలిశాయి.

ఆ తర్వాత కొన్నాళ్లు మునెమ్మ పడినంత సుఖం జీవితంలో ఎప్పుడూ పడలేదు. కొడుకు ఇంటికి వస్తే కర్పూరం వాసన, విభూతి వాసన. చీపురు మూలన పడింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చి వాడి కాళ్లకు మొక్కుతుంటే ఆమె కొంగు సర్దుకోవడంలోనే ఒక దర్జా వచ్చేసింది. సాయంకాలం భజనలో శ్రీకుమార్ గొంతు అందరికంటే పైన వినిపించేది. మొదట్లో ఒక పాట పాడేవాడు. తర్వాత అన్నీ తనే పాడేవాడు. ఆ తర్వాత పక్కవాడు పాడుతుంటే మధ్యలోనే లాక్కుని పాడేవాడు. రోజుకొక స్నానం నాలుగైంది. నిద్ర లేదు, ఆకలి లేదు, మాటకు మాటకు మధ్య ఊపిరి కూడా లేదు.

"చూసినావా, భక్తి అంటే అదీ" అంది మునెమ్మ.

"భక్తి కాదత్తా, ఇది ఆ పాతదే. ఆ కండ్లు చూడండి. అప్పుడు ప్రమోషన్లు ఇచ్చేటప్పుడు ఇట్నే గదా మెరిసినాయి."

"నోట్లో వాసన ఉండాదా?"

"లేదు."

"మరింకేమి?"

భువనేశ్వరికి కోపం వచ్చింది. "ఎప్పుడూ ముక్కుతోనే చూస్తే ఎట్టా అత్తా? రవ్వంత కండ్లతో కూడా చూడండి."

కోడలు అంత మాట అనడం అదే మొదలు. మునెమ్మ ఆ వారమంతా ఆమెతో మాట్లాడలేదు. కోపం కోడలి మీదా, లేక ఆ మాటలో ఉన్న నిజం మీదా అంటే ఆమెకే తెలియదు.

నీళ్ల లారీ వచ్చిన రోజున సంగతి ముదిరింది. ఆడవాళ్లు వరస కట్టి, ఒకరినొకరు తిట్టుకుని, ప్లాస్టిక్ బిందెలు నింపి గుమ్మాల ముందు పెట్టుకున్నారు. శ్రీకుమార్ ఆ బిందెలన్నీ ఒక్కటొక్కటే ఎత్తి వీధిలో కుమ్మరించాడు. సామి నడిచే దారి శుద్ధి కావాలన్నాడు. ఏ సామి అని ఎవరో అడిగితే నవ్వి తన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. చెన్నైలో మనిషిని కొడితే క్షమిస్తారు గానీ బిందెడు నీళ్లు పారబోస్తే క్షమించరు. మొన్న కాళ్లకు మొక్కినవాళ్లే ఆ పూట మునెమ్మ ఇంటి మీద దుమ్మెత్తిపోశారు.

మునెమ్మకు భయం వేసింది. అయినా, మెళ్లో దేవుడున్నవాడికి ఏమవుతుందిలే అని తనకు తానే చెప్పుకుంది. భయం వేసినవాళ్లు అలాంటివే చెప్పుకుంటారు.

మర్నాడు మధ్యాహ్నం శ్రీకుమార్ పెరంబూరు స్టేషన్లో పట్టాల మీదికి దిగి, వస్తున్న లోకల్ రైలుకు చెయ్యి అడ్డం పెట్టాడు. తను చేసిన పెట్టెలు తన మాట వినవా అని అరిచాడు. డ్రైవరు ఊపిరి బిగబట్టి బ్రేకు వేశాడు. రైలు కీచుమంటూ వచ్చి వాడి ఎదురుగా, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర ఆగింది. ఆగింది కనుక తాను సామినేనని వాడికి ఖాయమైపోయింది.

అత్తాకోడళ్లు పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి వాడిని ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చోబెట్టి ఉన్నారు. జనంలో ఎవరో కొట్టినట్టున్నారు, పెదవి చిట్లింది. ఒక పోలీసు వంగి వాడి నోరు వాసన చూశాడు. మళ్లీ చూశాడు.

"వాసనే ఇల్లియే!" అన్నాడు తోటివాడితో, నమ్మలేనట్టు.

మునెమ్మ అక్కడే నిలబడిపోయింది. ఇన్నేళ్లుగా తను చేసిన పనే ఆ పోలీసు చేశాడు, తను చెప్పుకున్న మాటే చెప్పాడు. వాసన లేదు. కొడుకు రైలు కింద పడబోయాడు, వాసన మాత్రం లేదు. ఇన్నాళ్లూ తను కాపలా కాసింది ఒక వాకిలికే. రెండో వాకిలి గడియ తన చేత్తోనే తీసిపెట్టింది. ఆమె కోడలి వైపు తిరిగింది.

"ఆ చింతాద్రిపేట డాక్టరమ్మ యాడుంటాదో నీకు తెలుసునా?" అని అడిగింది.

"తెలుసత్తా. పోయి చూసి వచ్చినా ఒకసారి. మీకు చెప్పలేదు."

పోలీసులను బతిమాలి వాడిని నేరుగా అక్కడికే తీసుకుపోయారు. చిన్న ఆసుపత్రి అది. కూవం కంపు లోపలికి రాకుండా కిటికీలు సగం మూసి ఉన్నాయి. డాక్టరమ్మ తల నెరిసిన మనిషి, అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు. సూది వేసి శ్రీకుమార్‌ను నిద్రపుచ్చింది. కథంతా విన్నది. మాత్రలు ఎందుకు ఆపారని అడిగితే మునెమ్మే చెప్పింది.

"నేనే ఆపినా. అవి కూడా మత్తేనని అనుకున్నా."

డాక్టరమ్మ తిడుతుందనుకుంది మునెమ్మ. తిట్టి ఉంటే కొంచెం తేలికయ్యేది. డాక్టరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుని, "మత్తు కాదమ్మా. మనసు పట్టు తప్పకుండా ఆపేవి అవి" అంది.

"మరి తాగుడు?"

"అదీ ఈడనే. రెండూ కలిసి వచ్చినాయి, రెండింటినీ కలిపే చూడాల. ఒకదాన్ని వెళ్లగొట్టి ఇంకోదాన్ని ఇంట్లో ఉంచుకుంటే, ఉండేది పోయినదాన్ని మళ్లీ పిలుచుకొస్తుంది. మాలతో నాకు తకరారేమీ లేదు. మాల వేసుకునే మింగమనండి. ఎన్నాళ్లని సూదులు వేస్తా? తనంతట తాను మింగాల, అప్పుడే వైద్యం."

కబురందుకుని మర్నాడు ధర్మలింగం వచ్చాడు, ఉత్త కాళ్లతో, నల్ల పంచెతో. విషయం విని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"మాత్ర మత్తని నేనెప్పుడు చెప్పినా తల్లీ? దినామూ షుగరు మాత్ర మింగతా ఉండా నేను, మాల మెళ్లో ఉండంగానే. ఒక్క మాట అడిగుంటే చెప్పేవాణ్ణి గదా."

మునెమ్మ తల ఎత్తలేదు.

మధ్యాహ్నానికి శ్రీకుమార్ లేచాడు. గడ్డం మాసి, పెదవి వాచి, కళ్లలో మాత్రం ఆ మెరుపు అలాగే. నర్సు మాత్ర ఇస్తే పక్కకు నెట్టాడు.

"మత్తు. అమ్మ చెప్పినాది. సామి మత్తు ముట్టడు."

"నేను చెప్పింది తప్పు సామీ. తెలియక చెప్పినా" అంది మునెమ్మ.

"సామికి తల్లి తప్పు చెప్పదు" అన్నాడు వాడు, ఎంతో ప్రేమగా.

ధర్మలింగం గొంతు పెంచాడు. "నేను గురుసామిని చెప్తా ఉండా. మింగు."

"నువ్వు గురుసామివి. నేను సామిని" అని శ్రీకుమార్ నవ్వి, చెయ్యెత్తి ఆయన్నే దీవించాడు.

అందరూ వసారాలోకి వచ్చారు. పాయసంలో కలిపి పెడదామా అని భువనేశ్వరి మెల్లగా అడిగింది.

"వద్దు. రేపు తెలిస్తే మన చేతి అన్నం కూడా ముట్టడు" అంది మునెమ్మ.

ధర్మలింగం మునెమ్మ వైపు తిరిగాడు. "మాల ఉన్నంత కాలం వాడు సామే, మన మాట వినడు. మాల తియ్యాల. అది నీ చెయ్యే తియ్యాల తల్లీ."

"కొండెక్కకముందే తీస్తే?"

"అపచారం. నా బతుకులో నేను చూడలేదు అట్టాంటిది. ఆ దోషం ఎవురికి తగులుతాదో నేను చెప్పలేను."

మునెమ్మకు దోషం భయం లేకపోలేదు. దానికంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. అన్నేళ్లు తను ఏడ్చినా, భార్య కాళ్లు పట్టుకున్నా మానని తాగుడు, ఆ పూసల దండకు మానింది. ఆ దండ తీస్తే మళ్లీ గడప దగ్గర చీపురు. తియ్యకపోతే పట్టాల మీద కొడుకు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమె లోపలికి వెళ్లి మంచం పక్కన నిలబడింది. సూది మందు ఇంకా కొంచెం పనిచేస్తున్నట్టుంది, శ్రీకుమార్ కాస్త నెమ్మదించి కళ్లు మూసుకుని ఉన్నాడు. ఆమె చెయ్యి మాల మీద పడగానే వాడి చెయ్యి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

"తియ్యొద్దమ్మా." కళ్లు తెరిచాడు. ఆ క్షణం ఆ కళ్లలో సామి లేడు. భయపడిన పిల్లవాడు ఉన్నాడు. "ఇది పోతే నేను తాగతానమ్మా. నాకు తెలుసు. నన్ను ఎవురు పట్టుకుంటారు?"

మునెమ్మ గుమ్మంలో నిలబడ్డ డాక్టరమ్మ వైపు తిరిగింది.

"తాగతాడా?"

"తాగొచ్చు" అంది డాక్టరమ్మ. "తాగడని అబద్ధం చెప్పను. కొన్నాళ్లు ఈడనే ఉంచుకుంటా, తాగాలనిపించినప్పుడు ఏం చెయ్యాలనేది కూడా మేమే నేర్పిస్తాం. పోయినాక మళ్లీ జారితే మళ్లీ తీసుకురండి. ముందు అది మాన్పించి రండి అని మాత్రం పంపించెయ్యను."

పంపించెయ్యను అన్న మాట మునెమ్మ ఇంతకుముందు ఎక్కడా వినలేదు. ఆ మాటకే ఆమె ఏడ్చింది. ఏడుస్తూనే మాల పైకి ఎత్తింది. పూసలు మాసిన గడ్డానికీ జుట్టుకూ చిక్కుకున్నాయి. భువనేశ్వరి వచ్చి ఒక్కో వెంట్రుకా నొప్పి తగలకుండా విడదీసింది. కొబ్బరికాయ లేదు, హారతి లేదు, శరణు చెప్పే గొంతు లేదు. కొడుకు కొండ దిగి వచ్చిన రోజున ఎలా తియ్యాలో ఎన్నిసార్లు ఊహించుకుందో మునెమ్మ. ఇలా మాత్రం కాదు.

తీసిన మాల ఎక్కడ పెట్టాలో తెలియక ఆమె చేతిలోనే పట్టుకుని నిలబడింది. తర్వాత తన మెళ్లోనే వేసుకుంది.

"అయ్యప్పా, మిగిలిన నడక నాది" అంది.

ధర్మలింగం ఉలిక్కిపడ్డాడు. "తల్లీ! నీ వయసు ఆడవాళ్లు కొండకు వస్తారు, అది సరే. కట్టుబాట్లన్నీ తెలుసునా నీకు?"

"తెలవనిది అడుగుతా" అంది మునెమ్మ. "ఈసారి అడుగుతా."

ఆమె మాత్ర తీసుకుని కొడుకు ముందు చెయ్యి చాపింది. "శ్రీకుమారా" అని పిలిచింది. వారాల తర్వాత ఆ పేరు ఆమె నోట్లోకి వచ్చింది. వాడు తన బోసి మెడ తడుముకున్నాడు. తల్లి మెళ్లో ఉన్న పూసల కేసి చాలాసేపు చూశాడు. మెళ్లో మాల ఉండేవాళ్లు ఎవరైనా సామే అని వాడికి నేర్పింది వాళ్లే. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సామీ" అన్నాడు తల్లిని. "నీళ్లు."

భువనేశ్వరి గ్లాసు అందించింది. శ్రీకుమార్ మాత్ర నోట్లో వేసుకున్నాడు, నీళ్లు తాగాడు.

"నోరు తెరువు నాయనా" అంది మునెమ్మ.

వాడు తెరిచాడు. ఆమె అలవాటు కొద్దీ దగ్గరికి వంగింది గానీ వాసన చూడలేదు. వేలితో వాడి పెదవి పక్కకు తప్పించి, నాలుక కిందా దవడల పక్కనా మాత్ర మిగిలి ఉందేమోనని కళ్లతో వెతికింది.